మగదిక్కు

“నాన్నా, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నా,” అందామె, టీ గ్లాసు అతని ముందు పెడుతూ.

అతను గ్లాసు ముట్టుకోలేదు.

“ఎవర్ని?”

“మా ఆసుపత్రిలో అంబులెన్స్ నడుపుతారు. నువ్వు చూశావు. మొన్న వానలో నన్ను దింపి వెళ్ళారు.”

చూశాడు. బాగానే చూశాడు. బండి దిగాక కూడా ఆమె తలుపు పట్టుకుని నవ్వుతూ నిలబడటం, చేతిలో గొడుగుండి తెరవకపోవటం, అన్నీ కిటికీలోంచి చూశాడు.

“ఆలోచిద్దాంలే అమ్మా,” అని చెప్పులు వేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు.

అతనిది అద్దాలు కోసే కొట్టు. ఆ పూట ఎవరిదో బీరువా అద్దానికి గీత గీసి విరవబోతే అడ్డదిడ్డంగా పగిలింది. అద్దం మంచిది కాదని కంపెనీని తిట్టుకున్నాడు.

ఇంట్లో మూడో మనిషి కన్నుమూసినప్పటి నుంచి మిగిలింది వాళ్ళిద్దరే. ఎవరు ముందొస్తే వాళ్ళు పొయ్యి వెలిగించేవాళ్ళు. ఆమె పని రక్తపరీక్షల గదిలో. సూది చూడగానే కళ్ళు తిరిగి పడిపోయిన పహిల్వాను సంగతి, పరీక్ష చేయించుకోకుండానే రిపోర్టు అడిగిన పెద్దమనిషి సంగతి, ఏదైనా సరే మొదట చెప్పేది అతనికే. ఇద్దరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఇప్పుడా కబుర్లన్నీ ముందు ఫోనులోకి పోతున్నాయి. అతని దాకా వచ్చేసరికి చల్లారిపోతున్నాయి. “ఆ, ఏదో అయిందిలే” అని తేల్చేస్తోంది.

అతని కడుపుమంట అదీ. కానీ ఆ మాట పైకి ఎలా అంటాడు?

“మన ధర్మం ఒప్పుకోదు,” అన్నాడు కొన్నాళ్ళకు.

“ఏది ఒప్పుకోదు?”

“వలీ సరేననందే నికా చెల్లదు. నీకు మగదిక్కు నేనే. నేను సరే అనట్లేదు.”

శుక్రవారం తప్ప మసీదు గుమ్మం తొక్కని మనిషి శాస్త్రం మాట్లాడేసరికి ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంబులెన్స్ డ్రైవరు స్వయంగా కొట్టుకు వచ్చాడు. భార్య పోయిన మనిషి. నెమ్మదస్తుడు. “మీరు ఊ అంటేనే ముందుకెళ్దామనుకున్నానండీ,” అన్నాడు చేతులు కట్టుకుని.

“అనను,” అన్నాడతను, తల ఎత్తకుండా అద్దం తుడుస్తూ.

ఆ తర్వాత ఆమె స్నేహితురాలు వకీలమ్మ వచ్చింది. ఆవిడ చేతులేం కట్టుకోలేదు.

“ఓటేయడానికి ఆవిడ మాట చాలు. ఆపరేషన్‌కి ఒప్పుకోవడానికి ఆవిడ మాట చాలు. పెళ్ళికి మాత్రం మీ మాట కావాలా? ఇష్టపడ్డ మనిషిని చేసుకోవడం మనిషిగా పుట్టిన ఎవరికైనా ఉండే హక్కండీ.”

“అయితే రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి చేసుకోమనండి.”

వకీలమ్మ ఆ సలహా అప్పటికే ఇచ్చి ఉంది. ఆమె వినలేదు. “నా హక్కు నాక్కావాలి, నా నికా నాక్కావాలి. ఒకటి పుచ్చుకుని రెండోది పారేయమంటే ఎలా?” అంది.

అందుకే వ్యవహారం ఖాజీ ముందుకు వెళ్ళింది.

ఎనభై దాటిన ఖాజీకి ఊరంతా పిల్లలే. అందరినీ నువ్వనే అంటాడు. ఆమెను, డ్రైవరును, వకీలమ్మను కూర్చోబెట్టి అతని వైపు తిరిగాడు.

“ఈ పిల్లవాడు తాగుతాడా?”

“లేదండీ.”

“నమాజు మానేస్తాడా? చెయ్యి చేసుకునే రకమా?”

“కాదండీ.”

“మరి నీ అభ్యంతరమేమిటి?”

అతను నేల చూశాడు. పైకప్పు చూశాడు. ఎన్నాళ్ళుగానో లోపల అణచుకున్నది కాస్తా బయటికొచ్చేసింది.

“నాకు చెప్పాల్సిన కబుర్లన్నీ అతనికి చెబుతోందండీ!”

వకీలమ్మ నవ్వాపుకోవడానికి కాగితాల్లో తల దూర్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

“ఇది అసూయ,” అన్నాడు ఖాజీ. “దీనికి శాస్త్రంలో చోటు లేదు. సరైన కారణం లేకుండా నువ్వు అడ్డుపడితే వలీ స్థానంలో నేను కూర్చుని నికా జరిపిస్తాను.”

“అసలు ఆ స్థానంలో ఎవరూ కూర్చోకూడదనే కదండీ నా వాదన,” అంది వకీలమ్మ.

“విన్నానమ్మా. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు,” అన్నాడు ఖాజీ. దాచుకోకుండా అన్నాడు.

ఆమె లేచి అతని పక్కకు వచ్చింది.

“నాన్నా, అనుమతి ఖాజీగారైనా ఇస్తారు. నువ్వు సంతోషంగా నా పక్కన నిలబడతావా? నాకు కావలసింది అది. కబుర్లంటావా, ఇకనుంచి ముందు నీకే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అతను డ్రైవరు వంక చూశాడు. గుండెపోటు రోగులను ట్రాఫిక్‌లో దూసుకుపోతూ తీసుకెళ్ళే ఆ మనిషి, చేతిరుమాలు మెలితిప్పుతూ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసేవాడిలా కూర్చున్నాడు. అసూయ ఇంకా పూర్తిగా చావలేదు. అయినా మునుపటంత కుట్టడం లేదు.

“సరేనండీ. నేనే చేయిస్తాను,” అన్నాడు.

“అయితే ఆమె నీకేమవుతుందో, ఎవరికిచ్చి చేస్తున్నావో అందరికీ వినబడేలా చెప్పు,” అన్నాడు ఖాజీ.

ఈ మధ్యనే నూనూగు మీసాలు వస్తున్న పెదవులు తడుపుకుని, ఆ కుర్రాడు గొంతెత్తి అన్నాడు: “నన్ను కన్న మా అమ్మను ఈయనకిచ్చి పెళ్ళి చేస్తున్నాను.”