పన్నెండు అద్దాలు

దేవవ్వ రేకుల ఇంట్లో గది అద్దెకు తీసుకున్న యువకుడు ఆ రేకుల మీద అద్దాలు పెట్టిన రోజే, ఊరి దొర భూపాల్‌రావు అతణ్ని పిలిపించాడు.

అద్దాలు పన్నెండు. ఒక్కొక్కటి బడిపిల్లల పలకంత. అన్నిటికీ ఒక వైపు నల్లటి పూత.

"ఎవరి మనిషివి?"

"ఎవరి మనిషినీ కాదు సార్. నా పేరు సుదర్శనం. హైదరాబాద్‌ల పరిశోధన చేస్తున్న. మాది హుస్నాబాద్."

"హుస్నాబాద్‌ల ఎవరి కొడుకువు?"

"మగ్గం కైలాసం కొడుకును."

"మగ్గం నేసేటోళ్ల పోరనికి అద్దాలతోని ఏం పని?"

"బట్టకు రంగు పట్టిచ్చినట్టే సార్ గిది. అద్దానికి మందు పట్టిచ్చినం. వెంట్రుక కంటె పల్చగుంటది. ఎండ పడితే కరెంటు పుడతది. మన ఎండకు, వానకు గా పూత ఆగుతదో లేదో సూడాలె."

"గది హైదరాబాద్‌ల సూడరాదా? అక్కడ ఎండ లేదా, వాన లేదా?"

సుదర్శనం చేతిలోని తీగచుట్ట సర్దుకున్నాడు.

అది 1987 మార్చి. బోథ్ నుంచి వచ్చే బస్సుకు అదే ఆఖరి ఊరు. కరెంటు స్తంభాలు నాలుగు మైళ్ల అవతలే ఆగిపోయాయి. తొమ్మిదేళ్లుగా కరెంటు కోసం అర్జీలు రాస్తున్నది భూపాల్‌రావే. పది అర్జీలు జిల్లా దాటలేదు. ఆ పదింటి సంగతీ రాసి పదకొండోది ఏకంగా ఢిల్లీకి పంపాడు. దానికీ జవాబు లేదు.

సుదర్శనం రోజుకు మూడుసార్లు నిచ్చెన ఎక్కేవాడు. అద్దాల తీగలకు చిన్న మీటరు తగిలించి, నోట్‌బుక్కులో రాసుకుని దిగేవాడు.

భూపాల్‌రావు తన పాలేరు హనుమండ్లును కాపలా పెట్టాడు.

"ఏం రాస్తుండు?"

"అంకెలు దొరా. ఆకుపచ్చ సిరాతోని."

"ఆకుపచ్చ సిరా పెద్ద ఆఫీసర్లు రాస్తరు. గీనికెక్కడిది?"

"అడిగిన. అగ్గువకు, సగం ధరకే దొరికిందన్నడు."

"పోలీసోళ్ల మనిషన్న కావాలె, అన్నల మనిషన్న కావాలె. ఇడువకు."

ఒకరోజు బస్సు దగ్గర సుదర్శనమే పలకరించాడు.

"కరెంటు కోసం మీరు శాన అర్జీలు పెట్టిండ్రట గద సార్."

భూపాల్‌రావు నడక ఆపాడు.

"నా కాయితాల ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరో అన్నరు సార్."

"ఎవరు?"

సుదర్శనం తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రమే భూపాల్‌రావు దేవవ్వకు కబురు పంపాడు, గది ఖాళీ చేయించమని.

"ఆర్నెల్లకు మాటిచ్చిన దొరా. ముసల్దాన్ని, గిప్పుడు మాట తప్పుతనా?" అంది దేవవ్వ.

జూన్ పోయింది. వాన లేదు. విత్తిన పత్తి మొలవలేదు. జూలై మొదటి వారంలో ఆడవాళ్లు వాన కోసం రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగారు. దేవవ్వ బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద పోసింది. రోకలి పట్టుకున్న అనసూర్య తల ఎత్తి చూసింది. రేకుల మీద అద్దాలు మెరుస్తున్నాయి.

"అవ్వా, సూర్యుడు నీ ఇంటి మీద మొకం సూసుకుంటుండు. గంత మంచి అద్దం ఇడిసిపెట్టి ఎట్ల పోతడు? మబ్బు ఎట్లొస్తది?"

అందరూ నవ్వారు.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది, ఎవరూ నవ్వడం లేదు.

మరునాడు పొద్దున భూపాల్‌రావు వచ్చి నిలబడ్డాడు. హనుమండ్లు గడ్డపారతో నిచ్చెన ఎక్కబోయాడు. సుదర్శనం నిచ్చెన పట్టుకున్నాడు.

"సార్, ఎండకు ఆగినయి. వాన ఒక్కటే మిగిలింది. ఒక్క వాన తడవనియ్యిండ్రి. మల్ల నేనే దించుకపోత."

"వానను రానిస్తలేనివే నీ అద్దాలు. ఒక్క వాన కావాల్నని నువ్వే అడుగుతున్నవా?"

అద్దాలు బంకతో రేకులకు పట్టి ఉన్నాయి. హనుమండ్లు ఒక్కొక్కదాన్ని గడ్డపారతో పెకిలించాడు. పన్నెండూ దిగేసరికి ఒక్కటీ పగలకుండా మిగల్లేదు.

సుదర్శనం ముక్కలన్నీ గోనెసంచిలోకి ఏరుకున్నాడు. వేలు తెగింది. దేవవ్వ చీర కొంగు చింపి కట్టింది.

"ఎందుకు పెట్టినవో దొరకు జర చెప్పరాదు కొడుకా. నోరు లేదా నీకు?"

"చెప్పేటంతది ఇంక కాలేదవ్వా."

మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. ఆ బస్సు వాగు దాటకముందే వాన మొదలైంది. మూడు రోజులు కురిసింది.

"సూసినవా?" అన్నాడు భూపాల్‌రావు.

"సూసిన దొరా," అన్నాడు హనుమండ్లు.

సెప్టెంబర్‌లో భూపాల్‌రావు పేరు మీద లావు కవరు ఒకటి వచ్చింది. ఆ వేళకు దేవవ్వ అతని ఇంటి దగ్గరే ఉంది, కిరోసిన్ చీటీ కోసం వచ్చి. భూపాల్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని, ఆమెకూ వినిపించేట్టు పైకి చదివాడు.

"మీ అర్జీ మీద మీ ఊళ్లో చేపట్టిన పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. అందువల్ల ఎండతో వెలిగే వీధి దీపాల తొలి జాబితా నుంచి మీ ఊరి పేరు తీసివేశాం. మీ అర్జీ తిరిగి పంపుతున్నాం."

"ఏం పరీక్ష దొరా?" అంది దేవవ్వ.

భూపాల్‌రావు రెండో కాగితం విప్పాడు. తన పదకొండో అర్జీ. తన చేతిరాతే. ఢిల్లీ ముద్ర ఒకటి, హైదరాబాద్ ముద్ర ఒకటి పడి ఉన్నాయి.

ఈసారి అతను పైకి చదవలేదు.

తన సంతకం కింద ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది: "ఈ ఊరికి నన్ను పంపండి. అద్దాలు ఒక్క వానకు నిలిచేదాకా వాళ్లకు ఏమీ చెప్పవద్దు, ఇప్పటికే పదకొండుసార్లు ఆశపడ్డారు."