నీడల్ని నమ్మని నర్సు

అప్పటికి చీరాల నేతపేటలో ప్రతి మనిషికీ ఆసుపత్రి కంప్యూటర్లో ఒక నీడ ఉండేది. ఇంటి గోడకున్న డబ్బా రోజూ అడిగి తెలుసుకున్నదంతా ఆ నీడకు చేరేది. డాక్టర్లు ఏమడిగినా మనిషి బదులు నీడే జవాబు చెప్పేది. ప్రభుత్వ స్టైపెండ్ మీద పరిశోధన నేర్చుకోవడానికి చేరిన నర్సు హైమవతికి చెప్పిన మొదటి పాఠం కూడా అదే: ఇళ్లకు వెళ్లకూడదు, నీడల్నే అడగాలి.

మగ్గం నేసే మాణిక్యమ్మ నీడ బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నానంది. అయినా ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా చూస్తే ఆమె బీపీ దిగడం లేదు. హైమవతి ఉండబట్టలేక ఆమె ఇంటికే వెళ్లింది.

"ఏసుకుంటే కళ్లు తిరుగుతున్నయ్యమ్మా, మగ్గం మీద కూర్చోలేను," అంది మాణిక్యమ్మ. "డబ్బా అడిగితే ఏసుకున్నాననే చెప్తా. మనిషివి వచ్చి అడిగితే అబద్ధం ఎట్టా చెప్పేది?"

సంగతి తెలిసి శిక్షణాధికారి ఫోన్ చేశాడు. "చూడమ్మా, ఇంకో గడప తొక్కావంటే స్టైపెండ్ ఆగిపోద్ది."

"ఆపుకోండి సార్," అని హైమవతి పక్కింటి గడప తొక్కింది.

అన్నట్టే స్టైపెండ్ ఆగింది. హైమవతి పొద్దున ఆసుపత్రిలో పనిచేస్తూ, మధ్యాహ్నాలు ఇళ్లు తిరిగింది. నలభై ఇళ్లలో ఇరవై ఆరు నీడలు తప్పు చెప్పాయని తేలింది. అదంతా రాసిన కాగితాలు తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టింది.

ఆయన చాలాసేపు చదివాడు. "ఇట్లా అడగడం మన శిక్షణలో లేదే," అన్నాడు.

"చెప్పులేసుకుని రండి సార్," అంది హైమవతి. "నేను నేర్పిస్తా."