కడుపు మాట

నడుము కొలత తీస్తుండగా కడుపు గుర్రుమంది.

కొలత ఇస్తున్న ఆవిడ కడుపు కాదు, తీస్తున్న టైలరు కడుపు.

చిన్న షాపు. ఒక కుట్టుమిషను, ఒక నిలువుటద్దం, వాళ్ళిద్దరూ. వినబడలేదనుకోవడానికి వీల్లేదు. టైలరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆకలేస్తోందా తల్లీ?" అంది ఆ రోజే కొత్తగా వచ్చిన ఆవిడ.

"లేదండీ. తినే వచ్చాను."

కడుపు మళ్ళీ గుర్రుమంది.

"నోరేమో తిన్నానంటోంది, కడుపేమో లేదంటోంది. నేనెవర్ని నమ్మాలి?" అంటూ ఆవిడ ఒళ్ళంతా కదిలేలా నవ్వింది.

టైలరు నవ్వలేదు. ఒక్క టేపు సరిపోని ఆ నడుము కొలత రాసుకుంటూ మనసులో ఆవిడకో పేరు పెట్టేసింది. డబుల్ టేపు.

తను మాత్రం పెళ్ళికి ముందు నుంచీ డైటింగులోనే ఉంది. ఒక ఏడాది పళ్ళ మీద, ఒక ఏడాది సూపుల మీద, ఇంకో ఏడాది చీకటి పడ్డాక మంచినీళ్ళ మీద. తగ్గడం, మళ్ళీ వడ్డీతో సహా పెరగడం. పట్టలేని రోజున వంటింటి తలుపు చాటున నిలబడి రొట్టె కుక్కుకోవడం, తర్వాత అద్దం వైపు చూడలేకపోవడం.

డ్రెస్సు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ ఒక డబ్బా తెచ్చింది. ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె.

"ఒక్కదాన్నీ తింటే నాకు సహించదు. తోడు కూర్చో."

"బంగాళాదుంప ముట్టి ఏళ్ళయిందండీ."

"పాపం, అది నిన్నేం చేసింది?"

ఈసారి టైలరుకి నవ్వొచ్చింది. ఒక ముక్క తీసుకుంది. నోట్లో వేసుకోగానే ఇంకోటి, ఆ వెంటనే మరోటి.

"నెమ్మదిగా. ఎవరూ లాక్కోరు."

"మొదలెడితే ఆపడం రాదండీ నాకు. అందుకే మొదలెట్టను."

"మళ్ళీ దొరకదని భయపెడితే ఏ కడుపైనా అలాగే ఎగబడుతుంది. ఆకలేస్తే మళ్ళీ పెడతానని దానికి మాటివ్వు. చాలని అదే చెబుతుంది. చెప్పినప్పుడు విను."

కాసేపటికి టైలరు చెయ్యి ఆగింది. డబ్బాలో ఇంకా ముక్కలున్నాయి. అయినా వద్దనిపించింది. వద్దనుకోవడం ఆమెకి బాగా అలవాటు. వద్దనిపించడం మాత్రం ఎప్పటి మాటో.

ఆ తర్వాత ఆవిడ తరచూ వచ్చేది. ఒకసారి చేతులు పొట్టి చెయ్యమని, ఒకసారి గుండీలు మార్చమని. ప్రతిసారీ డబ్బా ఉండేది. ఆ సాయంత్రాల కోసం టైలరు ఎదురుచూడసాగింది.

ఇంట్లో మాత్రం పాత పద్ధతే. భర్తకీ కూతురికీ వడ్డించి, తన కంచం బోర్లించే ఉంచేది. లావుపాటి మనిషి తింటుంటే ఇంట్లోవాళ్ళయినా ఏమనుకుంటారోనని సిగ్గు.

ఒక ఉదయం ధైర్యం చేసి తూకం మిషనెక్కింది. ముల్లు పైకి పోయింది.

ఆ సాయంత్రమే ఆవిడ వచ్చి, డబ్బా మూత తీయబోయింది.

"తీయకండి," అంది టైలరు.

"ఏమైందమ్మా?"

"మీ మాట విన్నందుకు తగిన శాస్తి అయింది. ఇంకా తిని మీలా తయారవ్వాలా? వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నాకూ పేరు పెట్టాలా?"

ఆవిడ చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

"నాకేం పేరు పెట్టావు?"

"డబుల్ టేపు."

మాట జారాక గానీ టైలరుకి తనేమందో తెలియలేదు.

"బాగానే ఉంది," అంది ఆవిడ నవ్వబోయి. నవ్వు రాలేదు. ఇంకేదో చెప్పబోయి మానుకుంది. డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పూట ఇంట్లో కూతురు కంచం పక్కకి నెట్టింది.

"నాకొద్దమ్మా."

"ఎందుకే? ఒంట్లో బాలేదా?"

"నువ్వు తినవుగా. నేను కూడా నీలాగే మంచిదాన్నవుతా."

టైలరు తన కంచం వైపు చూసింది. తలుపు చాటు రొట్టె సంగతి ఈ పిల్లకి తెలియదు. బోర్లించిన కంచం ఒక్కటే తెలుసు.

కంచం తిప్పి, వడ్డించుకుని, కూతురి ఎదురుగా కూర్చుంది. ముద్ద దిగడం లేదు. అయినా నెమ్మదిగా నమిలింది. పిల్ల కళ్ళార్పకుండా చూసి చూసి, తన కంచం దగ్గరికి లాక్కుంది.

మర్నాడు టైలరు మొదటిసారిగా కూతురి స్కూలుకి వెళ్ళింది. అంతమందిలో తన ఒళ్ళు చూపించుకోలేక ఇన్నాళ్ళూ భర్తనే పంపేది.

"మా పాప ఇక్కడ సరిగ్గా తింటోందా అండీ?" అని హెడ్మిస్ట్రెస్‌ని అడిగింది తలెత్తకుండా.

"ఇప్పుడు ఫరవాలేదమ్మా. మొదట్లో తన డబ్బా పక్కపిల్లలకి పంచేసేది. క్లాసు టీచరు కనిపెట్టింది. రోజూ పక్కన కూర్చుని, తనూ తింటూ తినిపించింది."

"ఆవిడ్ని ఒకసారి చూడొచ్చా?"

"వేరే ఊరికి బదిలీ అయింది. నిన్న రాత్రి బండికే వెళ్ళిపోయింది."

"నాకు ముందే చెప్పి ఉంటే..."

"మిమ్మల్ని పిలిపిస్తానన్నాను. తనే వద్దంది. 'ఆ తల్లి తప్పేం చెయ్యలేదు, ఆకలితో ఉంది. ఇక్కడ కూర్చోబెట్టి అడిగితే సిగ్గుతో ఇంకా ముడుచుకుపోతుంది' అంది."

"నా ఆకలి సంగతి ఆవిడకెలా తెలుసండీ?" అంది టైలరు.

హెడ్మిస్ట్రెస్ ఆశ్చర్యంగా చూసింది. "అయినా అదేంటమ్మా, మీకు తెలియనట్టే అడుగుతున్నారు? బట్టల వంక పెట్టుకుని, చేతిలో డబ్బాతో తను వచ్చేది మీ షాపుకే కదా!"