ఖలందరన్న యాడ?

“వీసా వచ్చేసింది!”

వలి బాషా గడపలోనే అరిచాడు. చేతిలో ఎర్రకారం దోసెల పొట్లం.

సమీరాకు వాసనకే నోరూరింది. కొత్త పెళ్ళికూతురు. అతను సందు మలుపు తిరిగాడంటే చాలు, ఆమెకింకా పండగే.

“యాడికి పోయేది? నాకొక మాటైనా చెప్పకుండా!”

“చెప్తే తమాషా ఏముంటాది? కుదురుకున్నాక నిన్నూ పిలిపించుకుంటా.”

దుబాయ్‌లో తనకు పని ఇచ్చిన కంపెనీ పేరు చెప్పాడు.

సమీరా చేతిలోని దోసె ముక్క నోటిదాకా వచ్చి ఆగింది.

“వాళ్ళ మాట ఎట్ల నమ్మినావు?”

“కంపెనోళ్ళ మాట ఎవడు నమ్ముతాడే? ఆడ పనిచేసే మన పులివెందులాయన చెప్పినాడు. ఫోరంలో చూడు, ఖలందరన్న. ‘రూము చల్లగా ఉంటాది, జీతం ఒకటో తేదీకే పడతాది’ అని రాసినాడు. శానా మంచోడు.”

ఆ ఖలందర్ సమీరానే.

గల్ఫ్ పోయేవాళ్ళ ఆన్‌లైన్ ఫోరంలో ఆ కంపెనీని మెచ్చుకుంటూ రాసే పని ఆమెది. ప్రొద్దుటూరులోని ఒక ఆఫీసు ఇచ్చింది. మనిషికి ఒకటే పేరు, తెలిసిందే రాయాలి అన్నది ఫోరం రూలు. “రూల్సు చూసుకుంటా కూర్చుంటే పనులైతాయామ్మా?” అన్నాడు మేనేజరు. సమీరా అరడజను పేర్లు పెట్టుకుంది. తొలి జీతంతో వలికి వాచీ కొనివ్వాలని ఆమె కూడా గుట్టుగానే ఉంచింది.

ఒక్కడే అడ్డం తగిలాడు. ‘జమ్మలమడుగోడు’ అని రాసుకునేవాడు. ఖలందర్ ఏం రాసినా కింద అదే ప్రశ్న:

“అన్నా, నువ్వు ఈడ ఉండేది నిజమైతే మన క్యాంపు వంటోడి పేరు చెప్పు.”

విసుగొచ్చి, తన పేర్లన్నిటితోనూ అతని మీద ఫిర్యాదు చేసింది. నిన్ననే అతన్ని ఫోరం నుంచి తీసేశారు.

పోతూ పోతూ ఖలందర్‌కు తన నంబరు పంపాడు. సమీరా పెరట్లోకి పోయి ఆ నంబరుకు ఫోను చేసింది.

“అన్నా... ఖలందర్‌ను నేనే.”



“ఆడబిడ్డవా! పొద్దున పులివెందుల పిల్లోళ్ళు ముగ్గురు దిగినారమ్మా. ‘ఖలందరన్న యాడ?’ అని నన్నే అడిగినారు. అప్పుడే వాళ్ళ పాస్‌పోర్టులు గుంజుకున్నారు. జీతాల్లేక మేమే ఏడుస్తాండాం. వాళ్ళకేం చెప్పేది?”

“తప్పు చేసినానన్నా. మీరెవరు? మీ పేరేంది?”

అతను చెప్పాడు.

సమీరా కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది.

“ఖలందర్ లేడు. నేనే.”

వలి ఆమె ముఖంలోకే చూశాడు. “ఖలందరన్నకు ఇంతింత మీసాలుంటాయనుకుంటినే,” అన్నాడు. నవ్వలేదు.

“ఆడ జీతాల్లేవు. రేపు పొద్దున్నే పోయి, వీసాకని ఆఫీసులో ఇచ్చిన నీ పాస్‌పోర్టు ఎనక్కి తెచ్చుకుందాం. నా పేరుతో, నా ఫోటోతో ఫోరంలో ఉన్నదున్నట్టు రాస్తా. మధ్యాహ్నం బస్సుకు పులివెందుల పోయి ఆ పిల్లోళ్ళ ఇండ్లల్లో నేనే చెప్తా. తిట్టినా సరే, కొట్టినా సరే.”

“ఇదంతా నీకు ఎవరు చెప్పినారు?”

“ఆ క్యాంపు వంటోడు... దస్తగిరన్న.”