ఆరువందల ఏళ్ల నాటి పంది

మా ఊరి ఆరువందల ఏళ్ల పండుగకని పట్నం నుంచి వచ్చిన కవరును గ్రామపెద్ద బోగుమిల్ మైకు ముందే చించాడు. ఆరువందల ఏళ్ల కిందటి కోర్టు పుస్తకంలో మా ఊరి పేరు మొట్టమొదట రాసిన వాక్యం అందులో ఉంది; ఊరి వయసు లెక్క అక్కడి నుంచే. అది చూసి నీళ్లు నమిలాడు.

"చదవరా, గొంతులో ఆలుగడ్డ అడ్డం పడిందా?" అంది గెనోవేఫా అవ్వ.

"ఈస్టర్ ముందురోజు మనవాళ్లు పక్కూరి పందిని ఎత్తుకొచ్చి తినేశారట."

అప్పుడే పక్కూరి జనం బ్యాండుతో దిగారు. తన్నులు తప్పవనుకుని బోగుమిల్ బల్ల కింద దూరాడు.

"బయటికి రావయ్యా! మాకూ ఇలాంటి కవరే వచ్చింది. మా ఊరి పేరు మొదట రాసిందీ ఆ వాక్యంలోనే. మీరు దొంగతనం చేయబట్టే మాకూ చరిత్ర దక్కింది," అంటూ వాళ్లు వోడ్కా సీసా అందించారు.

అవ్వ వాళ్ల వెనక్కి తొంగి చూసింది. "సీసా సరే, పంది ఏదర్రా?"