పద్నాలుగో పాదం

నారాయణఖేడ్ మొత్తం మీద సానెట్లు రాసేది రిటైరైన ఇంగ్లిషు సారు హనోకు ఒక్కడే. పద్నాలుగు పాదాల ఆ కవితలకు నడక మాత్రం ఆయన భార్య లిదియా జొన్నరొట్టె కొట్టే చప్పుడులోంచి వచ్చేది. ఆమె పొయ్యి ముందు కూర్చోగానే ఈయన కాగితం పట్టుకుని పక్కన చేరేవాడు.

మొన్నామధ్య మనూర్‌లో ఆటో దిగబోయి లిదియా కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. దవాఖానలో సిమెంటు కట్టు విప్పేశాక కూడా నొప్పి పోలేదంటూ చెయ్యి మెడకు వేలాడేసుకునే ఉంది. రొట్టెలు హనోకు మెడకు పడ్డాయి.

ఆ పొద్దున రొట్టెకూ రొట్టెకూ మధ్య, మూగబోయిన ఆ చేతి మీద సానెట్ మొదలుపెట్టాడు. పదమూడు పాదాల నిండా దుఃఖమే. పద్నాలుగోది ఎంతకీ రాలేదు.

"గింత ఏడుపేంది సారూ? ఇరిగింది చెయ్యి, నేను సావలే," అంది లిదియా, రొట్టె తుంచుకుంటూ.

"నీ చప్పుడు లేకుంటే పాదం కదుల్తలేదే."

పిండి అయిపోతే తేవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి కాగితం మీద పద్నాలుగో పాదం ఉంది.

"ఇగ ఏడ్వకు, పెంక మీద రొట్టె మాడుతున్నది."

గుండ్రటి అక్షరాలు. లిదియా కుడిచేతి రాత.

"చెయ్యి ఎప్పుడు నయమైందే?"

"పదిహేను దినాలాయె."

"మరి చెప్పవా?"

"నలభై ఏండ్లల్ల కూసోని వేడి రొట్టె తింటున్నది గిప్పుడే. ఇంకోటి కొట్టు సారూ."