ఆర్థర్ సార్ ట్రాక్టరు

“దీన్ని ఎవరు ఇప్పిన్రమ్మా?”

మెకానిక్ బ్రహ్మచారి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. ట్రాక్టరు పక్కన గోనెపట్టా మీద గొంతుకూర్చుని, స్టార్టర్ జనరేటర్ మూత తీసి లోపలికి చూస్తున్నాడు. మూత తీయగానే కాలిన వాసన గుప్పుమంది.

సలోమి షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నేనే” అంది.

“మీరా?”

“స్టార్ట్ కాలేదు. విప్పి చూద్దామనుకున్నాను.”

రంగు వెలిసిన చిన్న తోట ట్రాక్టరు అది. సైనిక్‌పురిలో ఒక కర్నల్ పాత ఇనుము కింద తీసేయబోతుంటే ఆమె భర్త ఆర్థర్ అడిగి తెచ్చుకుని, నేరేడ్‌మెట్‌లోని ఈ పెరట్లో మళ్లీ బతికించాడు. ట్రైనింగ్ స్కూల్లో మెకానిక్ పాఠాలు చెప్పే ఆర్థర్, ఆదివారం ఆరాధన అయ్యాక శిష్యుల్ని ఇక్కడికే రమ్మనేవాడు. బ్రహ్మచారి చెయ్యి తిరిగింది ఈ షెడ్డులోనే. ఇప్పుడు అదే స్కూల్లో, ఆర్థర్ చెప్పిన పాఠాలే అతను చెబుతున్నాడు.

ఆర్థర్ పోయాక మొదటి ఈస్టర్ కూడా దాటిపోయింది. ఈ శనివారం స్కూలు వర్క్‌షాపుకి ఆయన పేరు పెడుతున్నారు. పాత శిష్యులంతా చూస్తుండగా ఈ ట్రాక్టరు తాళం తిప్పాలి. అది కదలకపోతే ఆయన పేరు గురించి నలుగురూ నాలుగు మాటలంటారు. సలోమి భయమంతా అదే.

“జెర దగ్గరికి రండమ్మా” అన్నాడు బ్రహ్మచారి. “ఈ బండిల స్టార్టరు, డైనమో రెండూ ఒక్కటే. ఇంజన్‌ని తిప్పేది ఇదే. తిరిగినంక బ్యాటరీకి కరెంటు ఇచ్చేది సుత ఇదే. లావు వైరు ఈడ, సన్న వైరు ఆడ. మీరేం చేసిన్రు?”

“మార్చి పెట్టాను.”

“ఉల్టా పెట్టిన్రు. ఇంజన్‌ని తిప్పే కరెంటంతా సన్న తీగల వడ్డది. కాయిల్ కాలి బొగ్గయింది. సారు మాకు మొట్టమొదలు నేర్పిందేంది? వైరు ఊడదీసే ముంగట దానికి రంగు దారం కట్టాలె. కట్టకుంటే ఆ పూట చాయ్ సుత ఇయ్యకపోతుండె. ఆ దారాలు ఇచ్చింది మీరే గద!”

“తప్పే, బ్రహ్మచారీ.”

“నేను మీ బడికొచ్చి పిల్లల పలకలు పలగ్గొడితే ఊకుంటరా, టీచరమ్మా?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “నన్ను పిలిస్తే రాకపోదునా? పిలువరు. సారు ఉన్నప్పుడు సుత గంతే. ఆఖరి ఏడు ఎన్నిసార్లు గేటు దాంక వచ్చిన! పండుకున్నరు అంటిరి. ఫోన్ చేస్తే మీరే ఎత్తితిరి. ఒకనాడు పద్మారావు నగర్‌ల ఎదురువడితే సారు నన్ను చూసి సుత చూడనట్టే పోయిండు. నేనేం తప్పు చేసిన్నో అని ఎంత పరేషానైన్నో!”

“ఆయనకి కళ్లు సరిగా ఆనేవి కావు.”

“మీకు కనవడ్డ గదమ్మా. చెయ్యివట్టి గుంజుకపోయిన్రు.”

సలోమి టీ పెడతానని లోపలికి వెళ్లింది. టీపొడి వేయడం మరిచి, చాలాసేపు ఉత్త నీళ్లే మరిగించింది.

కాయిల్ పట్టుకుపోయిన బ్రహ్మచారి, రాణిగంజ్‌లో కొత్త తీగ చుట్టించుకుని శుక్రవారం వచ్చాడు. అన్నీ బిగించాక, బ్యాటరీ నుంచి ఒక వైరు ముక్కను జనరేటర్‌కి క్షణం పాటు తాకించి తీసేశాడు. చిటుక్కున నిప్పురవ్వ లేచింది.

“ఎందుకది?”

“కొత్తగ చుట్టించినంక కరెంటు ఏ దిక్కు పంపాల్నో దీనికి యాదికుండదమ్మా. ఒక్కపారి గిట్ల యాది చేస్తే చాలు.”

సలోమి ముఖం పక్కకు తిప్పుకుంది.

అతను తాళం తిప్పాడు. బండి ఒక్క ఊపు ఊగి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. బ్యాటరీ మీటరు ముల్లు మెల్లగా కదిలి, నిలవాల్సిన చోట నిలిచింది. బ్రహ్మచారి మోచేత్తో కళ్లొత్తుకుని ఇంజన్ ఆపాడు.

“ఒక మాటమ్మా. రేపు వచ్చేటోళ్లందరు మెకానిక్కులే. మూత తీస్తరు. కొత్త కాయిల్ అని పసిగడతరు. సారు చేతితోని చుట్టింది ఏమాయె అంటరు. పాతదైంది, దానంతట అదే కాలిందని చెప్పనా? మీ పేరు రాదు.”

“దానంతట అదే కాలదని నీకు తెలుసు. వాళ్లకి మాత్రం తెలియదా? ఎవరి చేతుల మీదుగా పోయిందని అడుగుతారు. నేనే పాడుచేశానని చెప్పు.”

“గంతమంది ముంగటనా? నవ్వుతరమ్మా.”

“నవ్వనీ. నేను ముందు వరసలోనే కూర్చుంటాను.”

అతను ఆమెను వింతగా చూశాడు. పనిముట్లు సంచిలో వేసుకుంటూ, “సారుది మస్తు ఓపిక. ఇన్నేండ్లు మీతోని ఎట్ల ఏగిండో!” అన్నాడు. అది సగం హాస్యం, సగం కాదు.

“నిజమే” అంది సలోమి.

అతని స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది. తర్వాత వచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించింది.

పోయిన ఏడాది ఒకరోజు ఆమె బడి నుంచి వచ్చేసరికి ఈ షెడ్డులోంచి పొగ వస్తోంది. సంచి గేటు దగ్గరే పడేసి పరుగెత్తింది. దగ్గుతూ, తడుముకుంటూ బ్యాటరీ వైరు లాగేసింది. పొగ మెల్లగా పలచబడింది. వైర్లకు ఒక్క రంగు దారమూ లేదు.

“ఎవరిదమ్మా ఈ బండి?” అని, చేతిలో స్పానరుతో, ఆమెను మర్యాదగా అడిగాడు ఆర్థర్.